బావ కొలిచిన మంచు

ఆ ఫోన్లు కాసేపు పక్కన పెట్టండి. పెట్టకపోతే నేను చెప్పను. చెప్పకపోతే మీకు పోయేదేమీ లేదనుకోండి. ఇన్నాళ్ళూ చెప్పలేదు, మీరు నిక్షేపంలా తిని తిరుగుతూనే ఉన్నారు.

వారం క్రితం గోడకి ఆ ఎర్రకోటు తొడుక్కున్నాయన బొమ్మ అంటించారు. చిన్నదానికి బళ్ళో ఇచ్చారట. మంచుకొండలన్నీ ఎక్కి, భూమి కొస దాకా మంచు మీద నడిచి, లోకం వేడెక్కిపోతోందని అందరికీ చాటిన మహానుభావుడట. మంచిదే, నేను కాదన్నానా? ఆయన గడ్డం మీద ఉన్నది నిజం మంచేనా అని అడిగారు. బూట్లకి ఆ ముళ్ళేమిటని అడిగారు. ఆయన ఆనుకుని నిలబడ్డ నల్లబండ మీద తెల్లగా వరసగా ఏవో అంకెలున్నాయి కదా, అవి ఎవరు రాశారో మాత్రం ఒక్కరికీ అడగాలనిపించలేదు. ఇంతమంది చదువుకున్నవాళ్ళున్న ఇంట్లో అంకెలు కనిపించింది నాకొక్కదానికే, నాకేమో వంద దాటితే లెక్క రాదు.

అవి రాసింది మా బావ. మా అక్క మొగుడు, మీకు తాత. ఆయన ఫోటో కూడా ఇంట్లో ఉంది, కిటికీ సందులోంచి గాలి రాకుండా అడ్డం పెట్టారు. అది ఎవరిదని కూడా మీరు అడగలేదు. రాస్తానని కాగితం పట్టుకున్నావుగా, రాయి. ముందు ఇదే రాయి.

బావ నీళ్ళాఫీసులో తూము మనిషి. మా ఊరి పైన రెండు కొండల సందులో మంచు పేరుకుని ఉండేది. అది ఎండాకాలంలో కూడా పోదు. పెద్దమంచు అనేవాళ్ళం. దాని అంచు కరిగి వాగై దిగితే, ఆ నీళ్ళే ఊరికి తాగడానికీ, కడుక్కోవడానికీ. వాగుకి అడ్డంగా తూము, దానికి ఇనపతలుపులు, తలుపులు లేపడానికి ఒక చక్రం. ఆ చక్రం ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ వీధికి ఏ పూట వదలాలో బావ చూసుకునేవాడు. తిప్పి తిప్పి అరచేతులు కాయలు కాసిపోయాయి. “ఈయన చెయ్యి పట్టుకుంటే మొగుడి చెయ్యిలా ఉండదే, తలుపు గడియ పట్టుకున్నట్టు ఉంటుంది” అనేది అక్క.

ఏటా చలి ముదిరి కొత్త మంచు పడబోయే ముందు ఆయనకి ఇంకో పని ఉండేది. పైకెళ్ళి పెద్దమంచు అంచు ఎక్కడ ఉందో కొలిచి రావాలి. అది వెనక్కి పోయినకొద్దీ మరుసటి ఏడు నీళ్ళు ఎలా ఉంటాయో ఆఫీసుకి ఒక అంచనా. ఉద్యోగంలో చేరినప్పుడు ఒక ఇనప టేపు ఇచ్చారు. అది మొదటిసారే రాళ్ళ మధ్య ఇరుక్కుని తెగింది. కొత్తది కావాలంటే “రాసి పంపాం” అన్నారు. ఆ రాసి పంపింది ఇంకా దారిలోనే ఉంది.

ఇక ఇది అయ్యే పని కాదని బావ తాడు కట్టుకున్నాడు. వేలు లావు నూలు తాడు. దానికి నెల రోజులు బండరాయి కట్టి వేలాడదీసి, ఇక సాగనంత సాగాక, బారకో ముడి వేశాడు. బార అంటే తెలుసా మీకు? రెండు చేతులూ చాపితే ఈ కొస వేలి నుంచి ఆ కొస వేలి దాకా. ఇరవై బారల తాడు, ఇరవై ముడులు. నల్లబండ దగ్గర మొదలుపెట్టి, తాడు పరుచుకుంటూ, గుర్తు పెట్టుకుంటూ అంచు దాకా వెళ్ళేవాడు. ఎందుకు నల్లబండ అంటే, ఆయన చేరిన ఏడు పెద్దమంచు ఆ బండని తాకుతూ ఉండేది. అక్క పెళ్ళికూతురుగా వచ్చినప్పుడు బండ మీద కూర్చుని మంచులో కాళ్ళు పెట్టిందట. తరవాత ఏటా పది బారలు, పన్నెండు, ఒక్కోసారి పదిహేను, పదహారు వెనక్కి జరుగుతూ పోయింది. బండ నుంచి అంచు దాకా మొత్తం ఎన్ని బారలో ఆ అంకె బండ మీద తెల్లరంగుతో రాసేవాడు, ఒకదాని కింద ఒకటి. “కాగితం ఆఫీసులో పోతుంది, బండ ఎక్కడికి పోతుంది” అనేవాడు.

ఆయనతో కబుర్లు చెప్పడం కంటే మూగనోము పట్టడం నయం. “పెళ్ళికి ఊరంతా వచ్చారు బావా” అంటే, “ఊళ్ళో పధ్నాలుగు వందల మంది, వచ్చింది అరవై” అనేవాడు. “చలికి చచ్చిపోయాను” అంటే “మరి ఎవరు మాట్లాడుతున్నారు” అనేవాడు. అబద్ధం కాదు సరికదా, కాస్త పెంచి చెప్పడం కూడా రాదు. అక్క వంట బాగుందనడానికి కూడా ఆలోచించేవాడు, అదీ అక్క ఎదురుగా.

ముప్పై ఒకటో ఏడు వచ్చాడు ఎర్రకోటాయన. వెంట ఎనిమిది మంది, కెమెరాలు, జెండాలు. కొండ కొనకి ఎక్కి జెండా పట్టుకుని, లోకం వేడెక్కుతోంది మేలుకోండి అని చెప్పాలని. చెప్పాల్సిందే. మా వాగు సన్నబడుతున్నది మాకు కనిపించడంలేదా? తూము దగ్గర ఆగి బావతో మాట్లాడాడు. చేత్తో తాడు పట్టుకుని ముప్పై ఏళ్ళుగా మంచు కొలిచే మనిషి అంటే ఆయన కళ్ళు మెరిశాయి. నాలుగు రోజుల్లో కొలుస్తానంటే, “ఆగుతాం, కెమెరా పెడతాం, మీ తాడుని లోకమంతా చూస్తుంది” అన్నాడు.

లోకమంతా చూస్తుందట. ఆ మాట నేను అక్కడే విన్నాను. మా ఆయన పోయాక నీళ్ళాఫీసులో ఊడ్చి, టీలు కాచి ఇచ్చే పని నాది, అదీ ఏ నెలకానెల తీసేస్తామంటూ ఉంచిన పని. ఉండేది అక్కావాళ్ళ పక్క గదిలో, ఇద్దరికీ ఒకటే పెరడు. ఇంటికొచ్చి చూస్తే తాడు మేకుకి వేలాడుతోంది. ముప్పై ఏళ్ళ బురద, చేతి జిడ్డు, బూజు. నల్లగా చచ్చిన పాములా ఉంది. మా ఇంటి మురికిని లోకమంతా చూడటమేమిటి అనుకున్నాను. బావ చూస్తే తలుపులకి గ్రీసు పెట్టడానికని పైన తూము గదిలోనే మూడు రోజులుండిపోయాడు.

తాడు ముట్టుకోవద్దని ఇంట్లో అందరికీ చెప్పాడు, అబద్ధమెందుకు. ఎందుకు ముట్టుకోకూడదో మాత్రం చెప్పలేదు. ఎందుకో చెప్పని మాట ఆడది వినదని ఇన్నేళ్ళ కాపురంలో తెలుసుకోలేకపోయాడు. నేను పెద్దగిన్నెలో నీళ్ళు తెర్లించి, బట్టలసోడా డబ్బా అంతా వంచి, అందులో తాడు వేసి ఉడకబెట్టాను. నాలుగు నీళ్ళు జాడించాను. రెండు రోజులు ఎండలో ఆరేశాను. తెల్లటి తెలుపు. అక్క చూసి, “ఏమిటే ఇది, తాడుకి తలంటు పోశావా” అంది.

కొలిచే రోజు నేనే సంచీలో పెట్టి నల్లబండ దాకా మోసుకెళ్ళాను. బావ తూము గది నుంచి నేరుగా అక్కడికి వచ్చాడు. అప్పటికే కెమెరాలు పెట్టేశారు. తాడు బయటికి తీసి చూసి, “ఇది ఎవరి తాడు?” అన్నాడు.

“నీదే బావా. మొహం కడిగాను.”

నవ్వలేదు. ఒక ముడి ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి చాపబోయాడు. చూసుకుందామనే. అంతలో ఎర్రకోటాయన, “పెద్దాయనా, వెలుతురు పోతోంది, మబ్బు వచ్చేస్తోంది” అన్నాడు. “ఒక్క నిమిషం” అన్నాడు బావ. “అంత తీరిక లేదు, మొదలుపెట్టండి” అని ఇంకొకడు భుజం మీద చెయ్యి వేసి తిప్పేశాడు. ఆ చాపిన చెయ్యి బావ దించేశాడు. ముప్పై ఏళ్ళలో ఆయన ఒకరి మాటకి తొందరపడటం అదొక్కసారే.

కిందటేడు బండ మీద అంకె నాలుగు వందల పన్నెండు. ఆ రోజు అంచు దగ్గరికి వెళ్ళేసరికి తాడు ఇరవై మూడుసార్లు పడింది. నాలుగు వందల అరవై. అంటే ఒక్క ఏట్లో నలభై ఎనిమిది బారలు. “నలభై ఎనిమిదా?” అన్నాడు బావ తనలో తనే. ఎర్రకోటాయన మాత్రం ఆయన్ని కావలించుకున్నాడు. మంచు కరిగిపోయిందని కావలించుకున్న మనిషిని నేను అదే చూడటం. అంకె బండ మీద రాయమన్నారు, రాస్తుంటే తీశారు. మర్నాడు కొండెక్కి, ఆ నలభై ఎనిమిదిని మీటర్లలోకి మార్చి జెండా మీద రాసి, కొన మీద నిలబడి పట్టుకున్నారు. రెండు రోజుల్లో ఎక్కడెక్కడి టీవీల్లోనో వచ్చిందట.

ఆ రెండో రోజు సాయంత్రం నేను పెరట్లో గిన్నెలు తోముతున్నాను. బావ మేకు మీంచి తాడు తీసి, ముడి పట్టుకుని చేతులు చాపాడు. మళ్ళీ ఇంకో ముడి, ఇంకోటి. ప్రతి ముడికీ వేళ్ళు బయటికి వచ్చేస్తున్నాయి.

“మరదలా, ఈ వయసులో మనిషికి చేతులు పెరుగుతాయా?”

నేను గిన్నె కింద పెట్టాను. “ఎలా ఉతికావు?” అన్నాడు. చెప్పాను. తెర్లే నీళ్ళు, సోడా. ఆయన తాడంతా బారలు వేసి చూశాడు. ఇరవై బారలకి బారన్నర పైగా కురచైపోయింది. కురచ తాడుతో కొలిస్తే దూరం ఎక్కువ వస్తుందని నాబోటిదానికి కూడా అప్పుడే వెలిగింది.

“తిట్టు బావా” అన్నాను.

“ఎందుకు? నువ్వు ఉతికావు. కొలిచింది నేను.”

మర్నాడే ముడులన్నీ విప్పి, కొత్తగా బారలు చూసుకుని వేసి, ఒక్కడే వెళ్ళి మళ్ళీ కొలిచాడు. నాలుగు వందల ఇరవై మూడు. అంటే పదకొండు బారలు, ఎప్పటిలాగే. అక్కణ్ణుంచి దిగి నేరుగా ఎర్రకోటాయన దిగిన బసకి బయల్దేరాడు. నేనూ వెంట వెళ్ళాను, తాడు నా చేతిలోనే ఉంది. ఆయన సామాను సర్దుకుంటున్నాడు. బావ ఉన్నదున్నట్టు చెప్పాడు, నా పేరెత్తకుండా. తాడు తడిసి కురచైంది, అంకె తప్పు, పదకొండని చెప్పండి అన్నాడు.

“పెద్దాయనా, పదకొండైనా నలభై ఎనిమిదైనా కరుగుతున్న మాట నిజమే కదా?”

“నిజమే. పదకొండు నిజం.”

“పదకొండు అంటే ఎవరూ ఉలిక్కిపడరు. ఈ వరసన ఇంకో పదేళ్ళకి నలభై ఎనిమిదే నిజమవుతుంది.”

“అయితే పదేళ్ళాగి చెప్పండి.”

ఆయన నవ్వాడు. చెడ్డవాడు కాదు, ఆ ముక్క కూడా చెప్పాలి. కాళ్ళ వేళ్ళు రెండు మంచుకి పోగొట్టుకున్నాడు ఈ పని మీద. “ఇప్పుడు మార్చి చెబితే అసలు మంచు కరగడమే అబద్ధమంటారు. మీకు తెలియదు వాళ్ళ సంగతి. వదిలేయండి, మీ వల్ల మేలే జరిగింది” అన్నాడు.

“మీ జెండా మీ ఇష్టం. నా బండ మీద తప్పు అంకె ఉండదు” అని బావ వచ్చేశాడు. రంగుడబ్బా పట్టుకెళ్ళి, నాలుగు వందల అరవై మీద అడ్డంగా గీత కొట్టి, కింద నాలుగు వందల ఇరవై మూడు రాశాడు. దాచిపెట్టడం తెలియని మనిషి. తుడిపేసినా బాగుండేది. గీత కొట్టాడు, తప్పు జరిగిందని చూసినవాళ్ళకి తెలియాలని.

తెలిసింది. మూడు నెలలు తిరక్కుండా ఎవడో ఆ బండ ఎక్కి ఆ గీతని ఫోటో తీశాడు. మంచు కరగడమంతా బూటకం అనేవాళ్ళకి అదే పండగైంది. ఇదిగో చూడండి, అంకెలు ఎలా మారుస్తున్నారో, కొండ మీద దొరికిపోయారు అని. ఎర్రకోటాయన మనుషులు ఒక కాగితం విడుదల చేశారు. చదువు లేని స్థానికుడి పొరపాటు వల్ల మేం మోసపోయాం అని. వచ్చి చెప్పాడు కదా, నువ్వు వద్దన్నావు కదా అని వాళ్ళని అడిగేవాడెవడు? అబద్ధాలకోరుల చేతిలోనూ బావ బొమ్మే, నిజం చెప్పేవాళ్ళ నోట్లోనూ బావ తప్పే.

అప్పుడు పై ఊరి నుంచి పెద్దాఫీసరు విచారణకి వచ్చాడు. ఆఫీసు గదిలో బల్లకి అటు ముగ్గురు, ఇటు బావ, బల్ల మీద తాడు. టీలు నేనే పట్టుకెళ్ళాను.

“ముప్పై ఒక్క ఏళ్ళూ దీంతోనేనా కొలిచింది?”

“దీంతోనే.”

“అయితే ఆ అంకెలన్నీ చెత్తేనన్నమాట.”

“కాదు. అన్నీ సరైనవే. ఒకటి తప్పు, దాన్ని దిద్దాను.”

“తప్పు ఎలా వచ్చింది?”

“తాడుని ఉడకబెట్టి ఉతికారు.”

“ఎవరు ఉతికారు?”

నేను పళ్ళెం పట్టుకుని బావ వెనకే ఉన్నాను. బావ తల తిప్పలేదు. తిప్పితే నేను దొరికిపోతానని తెలుసు. ఉద్యోగం పోతే నాకు వేరే దిక్కు లేదనీ తెలుసు.

“నేనే” అన్నాడు.

“ముప్పై ఏళ్ళ అనుభవం ఉందంటున్నావు. నూలు తాడు ఉడికితే కురచవుతుందని తెలియదా?”

“తెలియదు.”

అరవై మందిని ఊరంతా అననివ్వని మనిషి ఒక్క నిమిషంలో రెండు అబద్ధాలు ఆడాడు. నన్ను చూడండి. ఈ ఇంట్లో నా నోటికి జడవనివాడెవడున్నాడు? పాలవాడు వీధి మలుపులోనే గొంతు సవరించుకుంటాడు. అలాంటి నోరు ఆ రోజు లేవలేదు. టీ గ్లాసులు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాను. పెద్దాఫీసరు చక్కెర తక్కువైందన్నాడు. తెచ్చి వేశాను.

ఇంటికి వచ్చాక అక్క నా మొహం చూసింది. చాలాసేపు చూసింది. “బట్టలసోడా అయిపోయింది, నువ్వే తెచ్చిపెట్టు” అంది. అంతే. మళ్ళీ చచ్చేదాకా ఆ మాటెత్తలేదు.

బావని తూము నుంచి తీసేసి సామాను గది ముందు స్టూలు మీద కూర్చోబెట్టారు. ఎవరూ రాని గదికి కాపలా. మంచు కొలవడం నిపుణుల పని అన్నారు. నిపుణులు ఒక ఏడు మూడు కాళ్ళ పెట్టెతో వచ్చి చూసి వెళ్ళారు, మళ్ళీ రాలేదు. తరవాత నీళ్ళ వంతులు గాలి లెక్కలే. ఎండలు ముదిరి కింది వీధులకి నీళ్ళందకపోతే, కొలాయి దగ్గర బిందెల వరసలో నిలబడ్డవాళ్ళు అటు వెళ్తున్న బావని చూసి, “ఏం తాతా, ఇవాళ ఏం ఉతికావు? వాగుని కూడా ఉడకబెట్టావా?” అనేవాళ్ళు. నేనూ ఆ వరసలోనే నిలబడేదాన్ని. బిందె పట్టుకుని.

ఆయన మానలేదు. కొత్త తాడు కట్టుకున్నాడు, సాగదీసుకున్నాడు, ఏటా మంచు పడే ముందు సెలవు పెట్టి వెళ్ళి కొలిచేవాడు. ఆఫీసు అడగలేదు, ఎవరూ అడగలేదు. ముందువైపు రాస్తే మళ్ళీ ఎవరేం చేస్తారోనని బండ వెనకవైపు రాసేవాడు. స్టూలు ఉద్యోగం అయిపోయాక కూడా వెళ్ళేవాడు, మోకాలికి గుడ్డ చుట్టుకుని.

ఆ గొడవ జరిగిన పదకొండో ఏడు దిగి వచ్చి నా గుమ్మంలో కూర్చున్నాడు. నీళ్ళిస్తే తాగలేదు.

“మరదలా, ఈ ఏడు నలభై తొమ్మిది.”

“సరిగ్గా చూశావా బావా?”

“మూడుసార్లు కొలిచాను. ముడులు కూడా చూసుకున్నాను. నలభై తొమ్మిది.”

“ఎవరికైనా చెప్పు మరి. ఆఫీసుకి చెప్పు.”

“నేను చెబితే నవ్వుతారు. ఈ నిజం ఎవరైనా చెప్పాలి గానీ నేను చెప్పకూడదు.”

నాకు అప్పుడు ఏడుపొచ్చింది. నాకు ఆ టీల ఉద్యోగం కూడా లేదు కదా ఇప్పుడు, పోయేదేముంది, వెళ్ళి ఉతికింది నేనేనని చెబుతాను, నీ మాట నిలబడుతుంది అన్నాను. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని అరచేతులు చూసుకున్నాడు.

“ఇప్పుడు చెబితే విచారణలో నేను అబద్ధమాడానని తేలుతుంది. ఒకసారి అబద్ధమాడినవాడి నలభై తొమ్మిదిని ఎవరు నమ్ముతారు? ఊరుకో.”

ఆ అబద్ధం ఎవరి కోసం ఆడాడు? నా కోసం. దాన్ని అడ్డం పెట్టుకుని మళ్ళీ నేను ఊరుకున్నాను. ఊరుకోమన్నాడు కదా అని. మంచి సాకు దొరికింది నాకు.

ఆ చలిలోనే దగ్గు పట్టుకుంది. పదిహేను రోజులు. చివర్లో నా వైపు చూసి చేతులు రెండూ చాపబోయాడు, మంచం పట్టె తగిలింది. నన్ను పిలిచాడో, బార చూసుకున్నాడో తెలియదు.

ఆయన పోయిన రెండేళ్ళకి ఎర్రకోటాయన మళ్ళీ వచ్చాడు, ఏదో సినిమా తీస్తూ. అప్పుడు తీసిందే మీ గోడ మీద బొమ్మ. బండకి ముందువైపు ఆనుకుని నిలబడ్డాడు. దగ్గరికెళ్ళి చూడండి. పైనుంచి వరసగా అంకెలన్నీ కనిపిస్తాయి, చివరి రెండు కనిపించవు. గీత కొట్టిన అంకె, దిద్దిన అంకె, రెండూ ఆయన భుజం వెనక ఉన్నాయి. కావాలని నిలబడ్డాడో, అలవోకగా నిలబడ్డాడో నేను చెప్పలేను. బండ వెనక్కి మాత్రం వెళ్ళి ఉండడు. పెద్దమంచు ఇప్పుడు ఊళ్ళోంచి కనిపించదు, కొండ మలుపు దాటి పోయింది. ఎంత దూరం పోయిందో చెప్పేవాడు లేడు.

బొమ్మ పీకమని నేను అనడంలేదు. ఉండనివ్వండి. ఆ కిటికీ సందులో పెట్టిన ఫోటో మాత్రం తీసి తుడవండి. తడిగుడ్డతో కాదు, పొడిగుడ్డతో. తాడు ఉడకబెట్టింది నేను. రాశావా? అక్షరాలు పెద్దవిగా రాయి.